జోసఫ్ సార్ కూర్చున్న బల్ల

నిన్న మా ఇంటికి కొత్త జంపఖానా వచ్చింది. మడత విప్పగానే పచ్చి నూలు, రంగు కలిసిన వాసన గదంతా పరుచుకుంది. నాకు జోసఫ్ సార్ గుర్తొచ్చారు. పంతొమ్మిది వందల నలభైల్లో వరంగల్లో ఆయన సహకార సంఘాల ఆడిటరు. నేను ఆయన కింద కొత్తగా చేరిన సహాయకుణ్ణి. కూడికలు వస్తే చాలనుకుని చేరిన నాకు ఆయన ముందు నేర్పింది మనుషులను అడగడం. “గద్దించి అడిగితె మనిషి ముడుచుకపోతడు. మెల్లగ అడుగు. జవాబు ఆఖరిదాంక విను. తర్వాత పోయి నీ కండ్లతోటి చూడు,” అనేవారు. తనిఖీకి వెళ్లిన చోట చాయ్ కూడా ముట్టేవారు కాదు. భార్య పోయాక తనే కాల్చుకుంటున్న జొన్నరొట్టెను ఓ పక్కన ఒంటరిగా కూర్చుని తినేవారు.

ఒక ఏడు కొత్తవాడలో నేతగాళ్ల సంఘం తనిఖీకి వెళ్లాం. అక్కడి మేనేజరు రాజరత్నం మా జోసఫ్ సార్‌కు చిన్ననాటి స్నేహితుడు. ఆదివారాలు చర్చిలో ఇద్దరిదీ ఒకే బల్ల. గోదాములో జంపఖానాల కట్టలు వరుసగా ఉన్నాయి. నేను చూసి, సరిగ్గానే ఉన్నాయన్నాను. సార్ ఒక కట్ట తాడు విప్పించారు. పైన కొత్తవి, లోపలంతా చిరిగిన పాతవి. ఇంకో కట్టా అంతే.

“ఏమైంది రత్నం? చెప్పు,” అన్నారు సార్.

“బిడ్డ దవాఖానల ఉన్నదన్నా. సరుకు అమ్మిన. మల్ల సర్దుత. జర చూడనట్టు ఉండు,” అన్నాడు రాజరత్నం తల వంచుకుని.

సార్ చిరిగిన జంపఖానా ఒకటి చేతిలోకి తీసుకున్నారు. “నా దగ్గరికి రాకపోతివి రత్నం, ఉన్నది ఇస్తుంటి. ఇప్పుడైతె చూసిన. ఇది నేసినోళ్ల రెక్కల కష్టం,” అన్నారు.

నివేదికలో సరుకు లోటు రాశారు. దాని కిందే బిడ్డ జబ్బు సంగతి, రాజరత్నం చెప్పుకున్న ప్రతి మాటా రాశారు. “ఆయన చెప్పింది గూడ పైకి పోవాలె. లేకుంటె సగమే రాసినట్టు,” అన్నారు నాతో.

బిడ్డ కోలుకుంది. నేతగాళ్లకు రావలసింది వచ్చింది. రాజరత్నం ఉద్యోగం మాత్రం పోయింది. సొంతవాణ్ణే పట్టించాడని చర్చివాళ్లు సార్‌తో మాటలు మానేశారు. క్రిస్మస్ నాడు ఆయన్ని పలకరిద్దామని చర్చికి వెళ్లాను. చోటు చాలక జనం గోడవారన నిలబడ్డారు గానీ ఆయన బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. ఆయన ఒక చివరకు జరిగి కూర్చున్నారు. నేను పక్కన కూర్చోబోతే, “ఆడ రత్నం కూసుంటడు,” అన్నారు చప్పున. అంతలోనే ముఖం తిప్పుకుని, “కూసో బిడ్డా,” అన్నారు.

తర్వాత నేనూ ఆడిటర్నయ్యాను. ఊరూరా తిరిగాను. స్నేహితులు కొద్దిమందే మిగిలారు. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా ఒకరి మీద ఫిర్యాదు తెస్తే, “మరి ఆ మనిషి ఏమన్నాడు?” అని అడుగుతాను. సగంలో లేచి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అయినా అడగకుండా ఉండలేను.