ఆఖరి పంక్తి

ఇంట్లో ఎవరైనా అన్నం ముందు నుంచి సగంలో లేస్తే లక్ష్మీకాంతం ఊరుకునే మనిషి కాదు. మనుషులే కాదు, గోడ మీద కాకి వాలినా ఆమె చెయ్యి గిన్నె వైపే పోతుంది. తెనాలి నుంచి అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఉన్న కూతురు చంద్రిక ఇంటికి వచ్చాక ఆమెకొచ్చిన చిక్కల్లా ఒకటే, పెడదామంటే తినేవాళ్లు లేరు. అల్లుడు రవిశంకర్ ఇంత ఓట్స్ మింగి మీటింగ్‌లో కూర్చుంటాడు. కూతురు డైట్ అంటుంది. మనవరాలు సాన్వి పాలల్లో ఏవో అటుకుల్లాంటివి పోసుకుని లేచిపోతుంది. ఏం తిండో ఏమో, చూస్తుంటే ఆమెకు ఒళ్లు మండేది.

ఆ ఇంట్లో వంక పెట్టకుండా తినేవి గరాజ్‌లోని వానపాములొక్కటే. రవిశంకర్ వాటిని ఒక ప్లాస్టిక్ డబ్బాలో, తడి కాగితాల మధ్య, ప్రాణంలా పెంచుతున్నాడు. కూరగాయల తొక్కలు వేస్తే తిని నల్లటి ఎరువు చేస్తాయి. ఆ ఎరువు పెరట్లో టమాటా మొక్కలకు.

"ఇదొక చైన్ అమ్మమ్మా," అంది సాన్వి. "మొక్క సన్‌లైట్‌తో ఫుడ్ మేక్ చేస్తుంది. పురుగు లీఫ్ తింటుంది, బర్డ్ పురుగుని తింటుంది. అందరూ తిన్నాక మిగిలింది వీళ్లు తింటారు. వీళ్లు లేకపోతే మొక్కకి మళ్లీ ఫుడ్ లేదు."

"అంటే ఆఖరి పంక్తి వాళ్లన్నమాట!" అంది లక్ష్మీకాంతం. వాటి మీద ఆమెకు ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు అన్నంలో ఆవకాయ కలిపి, నూనె ధారగా పోసి, మంచి ముక్కలు ఏరి మరీ డబ్బాలో వడ్డించింది. "తినండమ్మా, రోజూ తొక్కలేనా!" అని మూత పెట్టి వచ్చింది. ఆ పూట ఆమె మనసు ఎంత తేలికపడిందో!

మూడోనాడు మూత తీస్తే గుప్పున వాసన. వానపాములు డబ్బా గోడలెక్కి, అంచుల్లో ఎండిపోయి ఉన్నాయి. ఉప్పూ కారం వాటికి విషమని ఆమెకెవరు చెప్పారు గనక? గుట్టుచప్పుడు కాకుండా చెత్తలో పారబోస్తే, ఎండకు పోయాయనుకుంటాడు అల్లుడు. అతని ముందు నిలబడి ఈ మాట చెప్పాలంటే తల కొట్టేసినట్టుంది. కానీ అన్నం పెట్టి చంపి, పైగా అబద్ధమా? సాయంత్రం దాకా ఆమె అన్నం ముట్టలేదు.

రవిశంకర్ కారు దిగగానే చెప్పేసింది. అతను డబ్బా వంచి, కాగితాలు ఒక్కొక్కటే విడదీశాడు. అడుగున ఒక మూల, ఉప్పు దిగని చోట, కొన్ని కదులుతున్నాయి.

"పర్లేదు, ఇవి చాలు. మళ్లీ పెరుగుతాయి," అన్నాడు. "అయినా వాటికి ఆవకాయేంటి అత్తయ్యగారూ?"

లక్ష్మీకాంతం తలెత్తలేదు. "ఆఖర్న తినేవాళ్లకి మిగిలేదేముంటుంది బాబూ? కూర ఉంటే అందులో ముక్క ఉండదు. అన్నం అయిపోయి మాడు చెక్క ఉంటుంది. ఒక్క పూటైనా వాటికి మంచి ముక్క పడాలనిపించింది."

అప్పుడే ఆఫీస్ నుంచి వచ్చిన చంద్రిక గరాజ్ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా," అంది. "నీకు మాడంటే ఇష్టమనుకున్నానే. చిన్నప్పుడు రోజూ గిన్నె గీకి నీ కోసమే దాచేదాన్ని."