నారు మీద నీడ

మా బాబాయి నారుమడి దగ్గరికి వస్తే ముందు పొద్దు ఎటుందో చూసుకునేవాడు. తన నీడ నారు మీద పడుతుందనిపిస్తే, దూరమైనా సరే, చుట్టూ తిరిగి అవతలి గట్టు మీదుగా వెళ్ళేవాడు. మేం గట్టున నిలబడి కబుర్లాడుతుంటే అదిలించేవాడు.

"పక్కకి జరగండ్రా, అవి అన్నం తింటున్నాయి. ఎండని అవి తింటేనే రేపు వాటిని మనం తినేది."

నేను విజయవాడలో ఇరవయ్యేళ్ళుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఆకు ఎండతో ఆహారం ఎలా తయారు చేసుకుంటుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. అయినా భవానీపురంలో మా బాల్కనీలోని కరివేపాకు మొక్క పాలిపోతుంటే రోజూ నీళ్ళు పోశాను, ఎరువు వేశాను. మోకాలి నొప్పికని డాక్టరు దగ్గరికి వచ్చిన బాబాయి ఆ మొక్కను చూసి, దాని ముందు తీగ మీద ఆరేసిన దుప్పట్లు లాగి నా చేతిలో పెట్టాడు.

"కంచానికి అడ్డంగా ఇవి కట్టి, మంచినీళ్ళు తాగమంటావేంట్రా దాన్ని?"

పదిహేను రోజుల్లో మొక్క చిగురు వేసింది.

మొన్న తొలకరికి నారు పోసిన వారానికే ఆయన పోయాడు. మైలవరం దగ్గర మా పొలం మీదుగానే తీసుకెళ్ళాం. నారుమడి దగ్గరికి రాగానే, పాడె ముందువైపు మోస్తున్న పక్క పొలం రైతు ఒక్క క్షణం ఆగి పొద్దు వైపు చూశాడు. అందరం చుట్టూ తిరిగి, అవతలి గట్టు మీదుగా నడిచాం.