మూతెడు గ్యాస్ మందు

బంగారు గనులు మూసినాక ఊరిని బెంగళూరు పనులకు మోసుకుపోయే ఆ పొద్దుటి రైల్లో, మారికుప్పంలో ఎక్కిన దగ్గరనుంచి జెసింతా కుదురుగా కూర్చోదు. కిటికీ దించుతుంది, మళ్లీ ఎత్తుతుంది. కొంగు చివర వేలికి చుట్టి విప్పుతుంది. ఒంటిగది ఇంట్లో అత్త కళ్లెదుట హెచ్‌ఐవి మాత్ర మింగలేక రైల్లోనే మింగుతుంది. అదేం మాత్రని ఎవరూ అడగకుండా, వెంటనే మూతెడు గులాబీరంగు గ్యాస్ మందు తాగుతుంది. రైలుపెట్టెలో ఆడవాళ్లందరూ ఆమెకు గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు, వాము చెబుతుంటారు. నిన్న ఆస్పత్రిలో కౌన్సెలరమ్మ రక్తపరీక్ష చూసి, "మాత్ర తప్పలేదంటావు, అయినా వైరస్ పెరిగి ఉండాది. దాంతో ఇంగేమన్నా తాగుతావామ్మా?" అని అడిగింది. గ్యాస్ మందు కడుపులోనే మాత్రను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదట. రెంటికీ మధ్య గంటల ఎడం ఉండాలట.

ఈరోజు జెసింతా మాత్రను ఉత్త నీళ్లతో మింగింది. రోజూ ఎదురు సీటులో కూర్చునే చైత్ర చూడనే చూసింది. "గ్యాస్ మందు మర్చిపోయినావా అక్కా? నీకోసమని నేనొక సీసా పెట్టుకొని ఉండాను" అంటూ మూత నింపి చాపింది. రైలు కుదుపుకు ఒలకకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టింది. కొంగు చుట్టుకునే జెసింతా వేలు ఆగింది.

"నాకు గ్యాస్ లేదు చైత్రా" అంది జెసింతా. "ఎప్పుడూ లేదు."