మర నీడ

లేని లోకానికి పాత చరిత్ర రాయడమంత విసుగు పని ఇంకొకటి లేదు. ఉన్న లోకానికైతే ఎవరో ఒకరు ముందే రాసిపెట్టి ఉంటారు, తప్పులుంటే వాళ్ల నెత్తిన వేసి ఊరుకోవచ్చు. నా నవలల్లోని రాజ్యాలకు ఆ వీలు లేదు. ఏ రాజు ఎవరికి మనవడో, ఏ నది ఏ దేవత చెమటో, ఏ కొండ ఎందుకు నల్లబడిందో, అన్నీ నేనే పుట్టించాలి. పుట్టించినవన్నీ నేనే గుర్తు పెట్టుకోవాలి. మూడు నవలలు అచ్చయ్యాక ప్రచురణకర్త ఫోన్ చేసి, అసలు ఆ లోకం ఎలా పుట్టిందో విడిగా ఒక పుస్తకం రాసిమ్మన్నాడు. పాఠకులు అడుగుతున్నారట. అడగడానికేం, అడుగుతారు. నడుము నొప్పితో కుర్చీలో కూర్చోలేక కూర్చుని, ఏడాదికి పైగా దాంతో కుస్తీ పట్టింది నేను.

నిజానికి ఆ లోకం నా కల్పన కాదు. ముందుమాటల్లోనూ సభల్లోనూ ప్రతిసారీ చెప్పుకున్నాను, అది మా అమ్మ కథ అని. ఆమె చెప్పిన మొదలు మీదే నా కట్టడమంతా నిలబడింది. నవలలేవీ ఆమెకు చదివి వినిపించలేదు, అందుకే ఈ పుస్తకమైనా ప్రెస్సుకు పోయేముందు ఒకసారి చదివి వినిపించాలనుకున్నాను. అమ్మ తన బతుకులో పిండి కాకుండా సొంతంగా ఇంకేదైనా తయారు చేసిందంటే అది ఈ కథ ఒక్కటే. అందులో నేనేం పాడు చేశానోనని నా భయం.

అమ్మ పుట్టింది కర్ణాటకలో, జవళగేర దగ్గర, కాలువ కింద వలస రైతుల క్యాంపులో. కోస్తా నుంచి వచ్చి వరి పెట్టుకుని స్థిరపడిన కుటుంబం. పెళ్లయి రాయచూరు వచ్చాక ఆమె మాటంతా మా మాటే అయిపోయింది. కథ చెప్పేటప్పుడు మాత్రం పుట్టింటి మాటలు ఒకటీ అరా తొంగిచూసేవి. మాకు బజారులో పిండి గిర్ని ఉండేది. నాయన పొద్దున్నే లేబర్ బస్సెక్కి కరెంటు తయారుచేసే థర్మల్‌లో కాంట్రాక్టు పనికి పోయేవాడు. గిర్ని అమ్మ నడిపేది. తలుపు తీసింది మొదలు జొన్నల డబ్బాలు వరుసగా వచ్చి కూర్చునేవి. కూర్చునే యోగం వాటికే, అమ్మకు లేదు. పైన జొన్నలు పోస్తూ, కింద పడే పిండిని వేళ్లతో నలిపి చూస్తూ, దొడ్డుగా, బరకగా వస్తే గిర్ని రాళ్లు బిగిస్తూ, పొద్దంతా నిలబడే ఉండేది. కనురెప్పల మీద కూడా పిండి పేరుకునేది. సాయంత్రానికి కాళ్లు వాచేవి. చూస్తే నాకు జాలి కన్నా ముందు కోపం వచ్చేది. ఎవరి మీదో నాకే తెలియదు.

నది ఒడ్డున థర్మల్ చిమ్నీలు లేచినప్పుడు ఇక కరెంటు పోదని ఊరంతా సంబరపడింది. కరెంటు మా నెత్తి మీది తీగల్లో ఎటో దూరం పోయేది, మా గిర్ని మాత్రం రోజూ ఆగేది. నాయన బూడిద కొట్టుకుని ఇంటికొచ్చేవాడు, అమ్మ పిండి కొట్టుకుని వచ్చేది. ఇవాళ ఎంతసేపు పోయిందని ఆయన అడిగేవాడు, కరెంటు చేసేది మీరే కదా మీరే చెప్పండని ఆమె దెప్పేది. ఇద్దరికీ నవ్వే ఓపిక ఉండేది కాదు.

గిర్ని ఆగితే గిరాకి ఊరుకోదు. పక్క గల్లీలో డీజిల్ ఇంజన్‌తో నడిచే గిర్ని ఉంది. డబ్బా ఎత్తుకుని ఒకరు లేస్తే వెనకాలే అందరూ లేస్తారు. వాళ్లను కదలనీయకుండా అమ్మ కథ ఎత్తుకునేది. ఆ కాసేపే ఆమె కూర్చునేది, గోడకు వీపు ఆనించి. లోకం పుట్టకముందు ఏముండేదో, మొదటి మనుషులు ఎక్కడి నుంచి వచ్చారో, ఏ పురాణంలోనూ లేని సంగతులు చెప్పేది. ఆగే క్యా హువా అని ఒకామె, ముందేనాయ్తు అని ఒకామె, తర్వాతేమాయె అని ఇంకొకామె తొందర పెట్టేవాళ్లు. కరెంటు రాగానే కథ ఎక్కడిదక్కడ తెగేది. గిర్ని చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకే ఆ లోకం చరిత్రలో అన్ని బొక్కలు. ఒకసారి ఒక రాజు తమ్ముడి మీద కత్తి ఎత్తాడు, ఇంతలో కరెంటు వచ్చింది. మర్నాడు అమ్మ ఆ రాజును మరిచిపోయి ఇంకో రాజును పట్టుకుంది. ఎత్తిన ఆ కత్తి దించడానికి నేను రెండో నవల రాయవలసి వచ్చింది.

మొదలు మాత్రం కొత్త గిరాకి వచ్చినప్పుడల్లా మళ్లీ చెప్పేది. మొట్టమొదట ఒక మర ఉండేదట. ఎవరు నిలిపారో తెలియదు. దాని దగ్గర ఒకామె ఉండేది. ఆమె చీకటిని దోసిళ్లతో ఎత్తి మర నోట్లో పోసేది. మర తిరిగేది. తిరిగితే లోకం పొడిపొడిగా రాలేది. మెత్తగా రాలింది రేగడి నేల. దొడ్డుగా రాలింది మా ఊరి బండలు. పొట్టు ఎగిరిపోయి మబ్బులయింది. మెత్తనా కాక దొడ్డూ కాక నడుమ రాలినవాళ్లు మనుషులు, అందుకే కొందరు అలా ఉంటారు, కొందరు ఇలా ఉంటారు. ఈ మాట అనేటప్పుడు అమ్మ డీజిల్ గిర్ని వైపు ఓరగా చూసేది.

నేను చదివింది కన్నడ బడిలో. బడిలో మర అంటే చెట్టు. ఇంట్లో గానీ బజారులో గానీ పిండి ఆడేదాన్ని గిర్ని అనడమే తప్ప ఇంకో పేరు నేను వినలేదు. గిరాకీతో మూడు భాషలు కలిపి మాట్లాడే అమ్మ, ఈ మాటను కన్నడం నుంచి తెచ్చిందనుకున్నాను. అలా నా లోకం మొదట్లో చెట్టు మొలిచింది. దాని నోరంటే తొర్ర. తిరిగేదంటారా, దేవతల చెట్టు తిరగదా? రాలిన పొడి పుప్పొడి. తూర్పు కొమ్మ వంశం, పడమటి కొమ్మ వంశం, తొర్రకు కాపలా ఉండే పూజారులు, రాలిన ఒకే ఒక్క ఆకు కోసం తరాల తరబడి యుద్ధాలు, అన్నీ ఆ చెట్టుకే కాశాయి. ఆ మొదటి ఆమెను చెట్టు కింద కూర్చోబెట్టాను. నీడ ఉన్నాక ఎవరైనా ఎందుకు నిలబడతారు?

గిర్ని ఎప్పుడో అమ్మేశాం. నాయన పోయాడు. అమ్మ కళ్లకు మసక, మోకాళ్లు వంగవు, చెవులు మాత్రం అంత చప్పుడులో బతికి కూడా బాగానే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ దాటకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"చెట్టేందే? నేను మర అంటి గద."

మర అంటే చెట్టే కదమ్మా అన్నాను.

"మర అంటె గిర్ని. మా క్యాంపుల గట్లనే అంటుండ్రి. గిర్నిల కూసొని గిర్ని కథ చెప్తె నవ్వరా? అందుకని మర అంటి."

అప్పుడు ఒక్కొక్కటే విడింది. తొర్ర కాదు, జొన్నలు పోసే నోరు. పుప్పొడి కాదు, పిండి. చీకటిని దోసిళ్లతో ఎత్తి పోసే ఆ మనిషి ఎవరో ఇక ఒకరు చెప్పనక్కర లేదు. నవ్వు రావలసిన చోట నాకు నీరసం వచ్చింది. ఆ చెట్టు నరికితే కొమ్మలు పోతాయి, వంశాలు పోతాయి, యుద్ధాలు పోతాయి, ఏడాది పని గంగలో కలుస్తుంది. అచ్చయిన నవలలను ఏం చేయాలి? అంతకంటే, అమ్మ కథ అని ఇన్నేళ్లు నేను ఊరూరా చెప్పుకు తిరిగిందేమిటి? ఏడుపొచ్చింది. మొత్తం మారుస్తానమ్మా, నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తాను అన్నాను. ఎలా మారుస్తానో నాకే తెలియదు.

అమ్మ ఆ మాట పట్టించుకోలేదు. నీ దాంట్లో ఆమె ఏం చేస్తుందో ఇంకొకసారి చదవమంది. చదివాను. ఆమె తొర్రలో ఇంత చీకటి పోసి వచ్చి, చెట్టు నీడన ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. గాలి వీచినప్పుడల్లా లోకం దానంతటదే రాలుతోంది. ఆమె చూస్తూ ఉంది.

"ఎవరన్న వచ్చి లేపుతరా?" అని అడిగింది అమ్మ.

ఎవరూ లేపరని చెప్పాను.

అమ్మ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని కాగితాలు సర్దుకుంటున్నాను.

"గట్లనే ఉండనీ," అంది. "శాన దినాలు నిలవడ్డది. కూసోనీ."