పైరగాలి వచ్చేదాకా

నన్ను ఫాస్ట్ బౌలరని మా ఊళ్ళో అందరూ అనేవారు గానీ, పొద్దుటి పూట నా బంతిలో ఏమీ ఉండేది కాదు. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? రెండో పంట, అదే దాళ్వా, కోతలయ్యాక గట్టిపడిన చేలో కొబ్బరిపీచు చాప పరిచి ఆడేవాళ్ళం. ఎండ నెత్తికెక్కేదాకా నేను వేసిన బంతి తిన్నగా వెళ్ళి బ్యాటుకి తగిలేది. మధ్యాహ్నం దాటి సముద్రం వైపు నుంచి పైరగాలి మొదలైందా, అదే బంతి చివర్లో చటుక్కున లోపలికి తిరిగేది. ఎందుకు తిరిగేదో నాకూ తెలియదు.

అందుకని మా అన్నయ్య కొత్త బంతి తను తీసుకుని, నన్ను గాలొచ్చేదాకా ఆపేవాడు. అన్నయ్యే మా జట్టు కెప్టెన్. నాన్న పోయాక మా ఊరు రామచంద్రపురంలో కిరాణా కొట్టు నడుపుతున్నదీ అన్నయ్యే.

ఆ వేసవిలో ఫైనల్ మా ఊళ్ళోనే. రెండు రోజుల ఆట. జిల్లా జూనియర్ జట్టుకి కుర్రాళ్ళను ఎంచే పెద్దమనిషి మొదటి రోజు చూడటానికి వస్తున్నారని తెలిసింది. మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోతారనీ తెలిసింది. మరుసటి ఏటికి నాకు ఆ జట్టు వయసు దాటిపోతుంది. నాకున్నది ఆ ఒక్క రోజే.

ముందురోజు మా కొట్టు అరుగు మీద అన్నయ్యకీ, మాకు ఆట నేర్పిన డ్రిల్ మాస్టారికీ వాదన జరిగింది.

"పొద్దున్న వీడి చేత వేయించకపోతే ఆయన చూసేదేముందండీ?" అన్నాడు అన్నయ్య.

"వేయిస్తే మాత్రం ఏం చూస్తారయ్యా? నాలుగు ఫోర్లు చూస్తారు. మొదట్లోనే చావగొట్టించుకున్నాడంటే మధ్యాహ్నానికి వీడికి చెయ్యి లేవదు. ఇటు కప్పూ పోతుంది, అటు వీడూ పోతాడు," అన్నారు మాస్టారు.

"నేను పొద్దున్నే వేస్తానన్నయ్యా," అన్నాను. నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

అన్నయ్య పంచదార బస్తా మూతి విప్పాడు. "ఆయన్ని మనింటికి భోజనానికి పిలుద్దాం. భోంచేసేసరికి ఆ బస్సు ఎలాగూ వెళ్ళిపోతుంది. గాలొచ్చాకే వేద్దువుగాని," అన్నాడు చివరికి.

మా వైపు భోజనానికి పిలవడమంటే ఆకలి తీర్చడంతో సరిపెట్టడం కాదు. అమ్మకి విషయమంతా చెప్పాం. కొడుకు బతుకంతా తన వంటలోనే ఉందనుకుంది పిచ్చితల్లి. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, కొత్తావకాయ, బొబ్బట్లు, గడ్డపెరుగు. ఆయన చెయ్యి అడ్డం పెడుతున్నకొద్దీ "ఇంకొక్కటేనండీ, నా మాట కాదనకండి" అంటూ వడ్డించిందట. నేను మాత్రం చేలోనే కూర్చుని ఇంత పెరుగన్నం తిన్నాను.

భోజనాలయ్యాక గాలి లేచింది. అన్నయ్య బంతి నా చేతికిచ్చాడు. నాకు మొదటి వికెట్ పడగానే చేను గట్టున వేసిన టెంటు వైపు చూశాను. పెద్దమనిషి పడక్కుర్చీలో వెనక్కి వాలి, నోరు కాస్త తెరిచి, నిద్రపోతున్నారు.

ఆ రోజు వేసినట్టు నేను మళ్ళీ ఎన్నడూ వెయ్యలేదు. మావాళ్ళు అప్పీళ్ళు అంపైరుకి కాక టెంటు వైపు తిరిగి అరిచారు. ఆయన తల ఇటు నుంచి అటు వాల్చారు, అంతే. ఓవరు అయ్యాక అన్నయ్య దగ్గరికి పరిగెత్తి, "లేపన్నయ్యా, నీకు దండం పెడతాను," అన్నాను. అన్నయ్య టెంటు దాకా వెళ్ళాడు. ఆయన పక్కన నిలబడి చెయ్యి చాపాడు కూడా. మళ్ళీ వెనక్కి వచ్చేశాడు.

"మనింట్లో తిని పడుకున్న మనిషిరా. ఎలా లేపను?" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే మిగిలిన వికెట్లు తీశాను.

ఆయన లేచేసరికి అవతలి జట్టు ఆలౌట్. అన్నయ్య నా గురించి చెప్పబోతే, "నేను చూడనిదాన్ని ఎలా రాయనండీ?" అన్నారు. అదీ న్యాయమే. అమ్మ వంటను మెచ్చుకుని సాయంత్రం బస్సెక్కారు. మర్నాడు కప్పు మాదే అయింది. నేను దాన్ని ముట్టుకోలేదు.

ఆయన బస్సెక్కిన సాయంత్రం మేము ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఆయన చూశారా?" అని అడిగింది. ఏం చెప్పాలో అన్నయ్యా నేనూ ముందుగా అనుకోలేదు. "చూశారమ్మా," అన్నాం ఇద్దరం. తన చేతి వంటే నాకు అడ్డం పడిందని తెలిస్తే అమ్మ తట్టుకోలేదు.

జట్టులో నా పేరు రాలేదు. అమ్మ కొన్నాళ్ళు ఎదురుచూసింది. ఒకరోజు నాకు అన్నం వడ్డిస్తూ, "అంత పెద్దమనిషి కళ్ళారా చూసి కూడా తీసుకోలేదంటే నీ ఆటలోనే ఏదో తక్కువై ఉంటుందిరా నాన్నా. బాధపడకు," అంది ఎంతో మెత్తగా.

"అవునమ్మా," అన్నాను.