తాళం నా కొంగునే ఉంది

డిజిటల్ మీటరు బళ్ళు మా దర్శి వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా మరిది ఒకటి కొన్నాడు. మిరపకాయల బస్తా, అదే టిక్కీ, వేస్తే దానికి గీతలు పడతాయని, చేలోకి మాత్రం చనిపోయిన మావారి పాత బండే తెచ్చేవాడు. మావారు దాని మీద ఏనాడూ నలభై దాటలేదు. "ఎద్దుల బండి నయం" అని వెనక కూర్చుని సణిగేదాన్ని.

ఒక సాయంత్రం కళ్ళంలో బండికి సెంటర్ స్టాండు వేసి, వెనక టిక్కీ కట్టి, తాళం నాకిచ్చి మరిది నీళ్ళ మోటారు ఆపడానికి వెళ్ళాడు. తాళం కొంగున ముడేసుకున్నాను.

ఎందుకో మీటరు వైపు చూశాను. ముల్లు లేస్తోంది. పది, ఇరవై... నలభై దగ్గర నిలబడింది. ఇంజను చప్పుడే లేదు. కొంగు తడుముకున్నాను. తాళం అక్కడే ఉంది. మరిదిని కేకేశాను.

మరిది వచ్చి నవ్వాడు. "దీనికే దడుచుకున్నావా వదినా? వెనక బరువుకి ముందు చక్రం పైకి లేచి, గాలికి తిరుగుతోంది. ఇది ముందు చక్రంతో తిరిగే కేబుల్ మీటరు, తాళంతో పనిలేదు. నా బండైతే తాళం తీశాక మీటరు అద్దంలో ఏమీ కనపడదు."

నిజమే, చక్రం తిరుగుతోంది. స్థిమితపడి కళ్ళం వైపు తిరిగాను. ఏరి పక్కన పోసిన తాలుకాయలు, ఊదితే ఎగిరిపోయేవి, ఒక్కటీ కదలడం లేదు.

ఆ పాత మీటరు తప్పు చూపిస్తుంది, బండి అమ్మేయమంటాడు మరిది. తప్పేం కాదు. నలభై అంటే నలభయ్యే.

— సుగుణ, దర్శి