స్పీకరుగారి పటానికి దండ

ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నమ్మకపోతే మానేయండి, నాకేం పోయింది... మధ్యలో నవ్వకండి, అంతే.

అరవైల్లో మాట. నరసరావుపేటలో నాది పటాలు గీసే కొట్టు. వెనక గదిలోనే నేనూ, మా ఆవిడ రత్తమ్మా కాపురం. మా దగ్గర బతికున్నవాడెవడూ బొమ్మ గీయించుకోడు. పోయినవాళ్లవే, ఫొటో చూసి గీయడం. పటం పూర్తవగానే రత్తమ్మ దండ వేసి, దీపం పెట్టి, దణ్ణం పెట్టుకునేది. ఆ తర్వాతే గడప దాటించేవాళ్లం.

అలాంటి నాకు శాసనసభ స్పీకరుగారి బొమ్మ గీసే పని వచ్చింది! నేను గీసిన పటం ఎవరింట్లోనో చూసి ముచ్చటపడ్డారట. సభ హాల్లో తగిలించే నిలువెత్తు బొమ్మ. ఆయన నిక్షేపంలా ఉన్నారు. మా ఊరొచ్చినప్పుడు బంగళాలో నా ఎదురుగా కూర్చుని, కాఫీ తాగుతూ గీయించుకున్నారు. మిగతా పని కొట్లో ముగించాను. తెల్లారితే హైదరాబాదు పంపాలి.

ఆ రాత్రి మెలకువ వచ్చింది. మల్లెల వాసన... కొట్లోంచి. వెళ్లి చూద్దును కదా... స్పీకరుగారి మెడలో దండ! కింద దీపం!

రత్తమ్మను కేకేశాను.

"ఏమే! బతికున్న మనిషికి దండేస్తావా? ఆయనకేమన్నా అయితే?"

రత్తమ్మ లాంతరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మొహం పాలిపోయింది.

"అలవాటున ఏసేశానయ్యా... మతికి రాలా. ఆయన చల్లగా ఉండాల. ఆ కీడేదో నాకే తగలనీ."

దండ తీసి నేల మీద పెట్టాను. దీపం కొండెక్కించాను. పువ్వులు తగిలి పచ్చి రంగు చెదిరిందేమోనని చేతి అద్దం అందుకున్నాను. మా పనిలో అంతే. పటానికి వీపు పెట్టి అద్దంలో చూస్తే, ఎదురుగా దొరకని తప్పు దొరుకుతుంది. రత్తమ్మ పటం పక్కనే లాంతరు ఎత్తి నిలబడింది. ఎక్కడా చప్పుడు లేదు... వత్తి చిటపట... అంతే.

అద్దం ఎత్తాను. స్పీకరుగారి మొహం... బాగుంది. మెడ... ఖాళీ. రంగు చెదరలేదు. హమ్మయ్య అనుకున్నాను. అద్దం కాస్త పక్కకు జరిగింది...

దండ... రత్తమ్మ మెడలో ఉంది.

గిరుక్కున తిరిగాను. ఆమె మెడలో పసుపుతాడే. దండ నా కాళ్ల దగ్గరే ఉంది. మళ్లీ అద్దంలో చూశాను. ఉంది... తెల్లగా... మల్లెలు మెల్లగా ఊగుతున్నాయి. ఆమె మాత్రం కదలడం లేదు.

"ఏందయ్యా, రంగు చెదిరిందా?"

"లేదు," అన్నాను. ఇంకేం చెప్పను?

బొమ్మ వెళ్లింది. స్పీకరుగారు స్వయంగా చూసుకుని నా భుజం తట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. రత్తమ్మ మాత్రం ఆ ఏడు మిరపకోతలు చూడలేదు. విషజ్వరం అన్నాడు డాక్టరు. జ్వరమే కావచ్చు. లాంతరు వెలుగులో నా కళ్లే మోసపోయి ఉండొచ్చు. ఏమో... ఇప్పటికీ తెలియదు.

ఊళ్లో అందరి పటాలూ గీశావు, నీ పెళ్లాం పటమేదని అడుగుతుంటారు. గీశాను. కళ్లతో సహా పూర్తయి చాలా ఏళ్లయింది. అద్దంలో ఒక్కసారి సరిచూసుకుంటే చాలు... చేతులు రావడం లేదు.